చిత్రాన్నం ఉత్తరాలు: అన్నం కుదిరితే తిరగవాత దానంతటదే కుదురుతుంది

పోయిన సంచికలో, ఇడ్లీ పిండి లేని పొద్దున చిత్రాన్నం (తిరగవాత పెట్టి నిమ్మకాయ పిండిన అన్నం) చేసుకోండి, దానికింత టెన్షన్ ఎందుకు అని రెండు ముక్కలు రాశాను. ఆ రెండు ముక్కలకే బోలెడు ఉత్తరాలు వచ్చాయి. సరే, ఈసారి పేజీ మొత్తం దానికే. కొత్తగా చదివేవాళ్ల కోసం చెబుతున్నాను: నేను అనంతపురంలో చాలా ఏళ్లు మెస్ నడిపినదాన్ని. కాలేజీ పిల్లలు, బ్యాంకువాళ్లు, కోర్టు పనిమీద పల్లెల నుంచి పొద్దున బస్సుకే దిగినవాళ్లు మా దగ్గర తినేవాళ్లు. కాబట్టి నా లెక్కల్లో కొన్ని బేసిన్ లెక్కలు, కొన్ని గిన్నె లెక్కలు. మీ ఇంటికి తగ్గట్టు సర్దుకోండి.

అక్కా, నాకు ఈమధ్యనే పెళ్లయింది. చిత్రాన్నం ఎప్పుడు చేసినా ముద్ద కడుతోంది. మా అత్తమ్మ చేస్తే మెతుకు మెతుకు విడిగా ఉంటుంది. తిరగవాతలో ఆమె ఏమేస్తే నేనూ అవే వేస్తున్నాను. ఇంట్లో అందరూ "చేతి గుణం" అంటున్నారు. నిజమేనా? – గుంతకల్లు నుంచి ఒక చెల్లెలు

చేతి గుణమూ లేదు, పాడూ లేదు. నువ్వు తిరగవాతనే చూస్తున్నావు చెల్లీ, మీ అత్తమ్మ పొయ్యి వెలిగించక ముందే సగం పని ముగించేసి ఉంటుంది. ఈసారి ఆమె బియ్యం కొలిచేటప్పుడు పక్కన నిలబడు.

మొదట బియ్యం పాతవా కొత్తవా చూసుకో. కోత కోసి, ఆడించి, నేరుగా అంగడికి వచ్చిన బియ్యం ఎంత మంచి రకమైనా మెత్తబడి అంటుకుంటాయి. కొన్ని నెలలు నిలవున్న బియ్యం నీళ్లు ఎక్కువ తాగుతాయి, పొడుగ్గా ఉబ్బుతాయి, ఒకదానికొకటి అంటవు. వరికోతలై కొత్త పంట దిగే సంక్రాంతి రోజుల్లో అంగడివాడు "ఫ్రెష్ స్టాకమ్మా" అని గొప్పగా చెబుతాడు చూడు, పరమాన్నానికైతే అది మంచి మాటే. చిత్రాన్నానికి మాత్రం "పాతవి ఉంటే ఇవ్వు నాయనా" అని అడగాలి. నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికితే పాతవి టక్కుమని విరుగుతాయి. కొత్తవి పంటికి కొంచెం సాగినట్టుంటాయి.

రకం విషయానికొస్తే, కర్నూలు, నంద్యాల వైపు నుంచి మనకొచ్చే సోనా బియ్యం దీనికి బాగా సరిపోతాయి. కేసీ కాలువ (కర్నూలు–కడప కాలువ) కింద పండిన బియ్యం అని చెప్పి అమ్ముతుంటారు. సంచుల మీద బీపీటీ అనో, 5204 అనో కనిపిస్తుంది. అది బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన వంగడం. సన్నగా, తేలిగ్గా ఉంటుంది, పలుకుగా ఉడికించినా గొంతులో పట్టదు. బాస్మతి వద్దు. దాని వాసన దానిది, నిమ్మకాయ వాసన నిమ్మకాయది, రెండూ కొట్లాడుకుంటాయి.

ఇక ఎసరు. రోజువారీ పప్పన్నానికి పోసినన్ని నీళ్లు దీనికి పోయకూడదు. పాత బియ్యం గ్లాసుకు రెండు గ్లాసులు, కొత్తవైతే ఒకటిముప్పావు కూడా ఎక్కువే. కుక్కర్‌లో మూడు విజిల్స్ అని రాశావు. అక్కడే తెలిసిపోయింది. రెండు విజిల్స్‌కు ఆపేసి, ఆవిరి దానంతటది పోయేదాకా కూర్చోబెట్టకుండా, కాసేపటికి విజిల్ జాగ్రత్తగా ఎత్తి ఆవిరి మొత్తం పోయాక మూత తియ్యి. లోపలే ఉంటే ఆ వేడికే ఇంకా ఉడుకుతూ పోతుంది. ఎసరులో ఒక చెంచా నూనె వేస్తే మంచిదే.

అన్నం అయ్యాక చేసేదే అసలు పని. గిన్నెలోనే గంటె పెట్టి కలిపేయకూడదు. వెడల్పాటి పళ్లెంలోకి వంచి, గంటె వెనక్కి తిప్పి పట్టుకుని మెల్లగా పరచాలి. పైన ఒక చెంచా నూనె చుట్టూ పోసి వదిలేయాలి. పొగలు పోయి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా దాన్ని ముట్టుకోవద్దు. వేడి మీదున్న మెతుకు మెత్తన, ముట్టుకుంటే చితుకుతుంది. చల్లారేకొద్దీ అందులోని పిండి గట్టిపడి మెతుకు నిలబడుతుంది. మా మెస్‌లో కొత్తగా చేరిన ప్రతి వంటమనిషికీ నేను మొదట నేర్పింది ఆగడమే, కలపడం తర్వాత. అన్నం పరచి పక్కకెళ్లి ఎర్రగడ్డలు తరుక్కోమనేదాన్ని, లేకుంటే చెయ్యి ఊరుకోదు.

ఆరిన అన్నంలో తిరగవాత పోసి చేత్తో కలుపు. వేళ్లు విప్పి, కింది నుంచి పైకి తేవాలి. పిసకకూడదు. మీ అత్తమ్మ గంటెతో కలుపుతుందో చేత్తో కలుపుతుందో చూసి నాకు రాయి. చేత్తోనే అని నా నమ్మకం.

నిమ్మకాయ పిండగానే చిత్రాన్నం కొన్నిసార్లు చేదెక్కుతోంది. కాయ మంచిదే. ఎందుకిలా? – ధర్మవరం

పొయ్యి మీదుండగా పిండుతున్నారు, అంతే. నిమ్మరసం ఆఖరి పని. తిరగవాత కలిపి, ఉప్పు చూసి, పొయ్యి ఆర్పేసి, చెయ్యి పెట్టగలిగే వేడికి వచ్చాక పిండాలి. కాగుతున్న నూనెలో రసం పోస్తే వాసన ఆవిరైపోతుంది, చేదు మిగిలిపోతుంది.

రెండోది, రసం మొత్తం రావాలని తొక్క లోపలికి తిరగబడేదాకా నులుముతారు కొందరు. తొక్కలోని నూనె, లోపలి తెల్ల పొర, విత్తనాలు, చేదంతా వాటిలోనే ఉంది. ముందు కాయను అరచేతి కింద బండమీద దొర్లించండి. మెత్తబడుతుంది, కొంచెం ఒత్తితేనే రసం వస్తుంది. నేరుగా అన్నంలోకి కాకుండా చిన్న గిన్నెలోకి పిండి, వడకట్టి పోయండి.

ఇంకో మాట. పులుపు కలిపిన అన్నాన్ని అల్యూమినియం గిన్నెలోగానీ కళాయి లేని ఇత్తడి పళ్లెంలోగానీ ఉంచవద్దు. పులుపు లోహాన్ని తింటుంది, ఆ రుచి అన్నంలోకి దిగుతుంది. స్టీలే మేలు. మీ ఊళ్లో పెళ్లి చీర కొనడానికి వచ్చే చుట్టాలు ఎప్పుడూ ఉంటారు కదా, మర్యాదకని అమ్మమ్మ ఇత్తడి తాంబాళం బయటికి తీస్తారేమోనని చెబుతున్నాను.

అమ్మా, మాది చీనీ (బత్తాయి) తోట. ఎండాకాలంలో నిమ్మకాయ రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. మా తోటలో చీనీకాయలు రాలిపోతుంటాయి. నిమ్మకాయ బదులు చీనీ రసం వేస్తే కాదా? – నార్పల నుంచి ఒక రైతు

కాదన్నా. చీనీలో పులుపు బాగా తక్కువ, తీపి ఎక్కువ. అన్నానికి పులుపు ఎక్కాలంటే గ్లాసుడు పోయాలి, అప్పుడది చిత్రాన్నం కాదు, జావ. పైగా చీనీ రసం పిండి కాసేపు ఉంచితే చేదు తిరుగుతుంది. మీకు తెలియని సంగతి కాదు.

ఎండాకాలంలో నిమ్మకాయను మరిచిపోండి. మామిడికాయ ఉంది కదా. పుల్లటి కాయను తురిమి, తిరగవాతలో ఒక్క నిమిషం తిప్పి అన్నంలో కలపండి. మడకశిర వైపు ఇళ్లలో పచ్చికొబ్బరి, పచ్చిమిరక్కాయ, కాసిని ఆవాలు ఆ తురుముతో కలిపి నూరి వేస్తారు. ఆవాల ఘాటు ముక్కుకు తగులుతుంది. నాకు నిమ్మకాయదాని కన్నా అదే ఇష్టం. మామిడీ దొరక్కపోతే చింతపండు. హిందూపురం యార్డుకు వచ్చే సరుకు ఎక్కడెక్కడికో పోతుంది, మనం మాత్రం రేటెక్కిన నిమ్మకాయల వెంట పడుతున్నాం. చింతపండుదాన్ని మీరు పులిహోర అనండి, పుల్లన్నం అనండి. గుజ్జు నూనెలో దగ్గరపడి, నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. అది ప్రయాణానికి కూడా తట్టుకుంటుంది. నిమ్మకాయ చిత్రాన్నం మధ్యాహ్నానికే డీలా పడుతుంది.

ఆంటీ, నేను అనంతపురంలో రూమ్ తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాను. రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున చిత్రాన్నం చేసుకుంటాను. మా రూమ్మేట్ ఏదో వాట్సాప్ వీడియో చూపించి "మిగిలిన అన్నం విషం" అంటున్నాడు. మా అమ్మ, అవ్వ అందరూ అలాగే చేశారు కదా? – పేరు వద్దు

మీ రూమ్మేట్ చెప్పింది సగం నిజం నాయనా, ఆ సగం ముఖ్యమైనదే. విను.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు మామూలుగానే ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మేల్కొని పెరుగుతాయి, పెరుగుతూ ఒక విషపదార్థం వదులుతాయి. చిక్కేమిటంటే, ఆ పదార్థం మళ్లీ వేడి చేసినా పోదు. పొద్దున నువ్వు ఎంత గట్టిగా తిరగవాత పెట్టినా, ఎన్ని నిమ్మకాయలు పిండినా లాభం లేదు. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. వాసన చూస్తే తెలుస్తుందిలే అనుకోవద్దు, అన్నం వాసన మామూలుగానే ఉండొచ్చు.

మరి మీ అవ్వ ఎలా చేసింది అంటావు. మీ అవ్వ అన్నాన్ని ఊరికే మూతపెట్టి వదిలేసి ఉండదు. నీళ్లు పోసి, కాస్త మజ్జిగ చిలకరించి సద్దికి పెట్టి ఉంటుంది. అది పులిసే కొద్దీ ఆ పులుపు చాలా రకాల సూక్ష్మజీవులను అణిచిపెడుతుంది. సద్దన్నం తెల్లారగానే తినేసేవాళ్లు, మధ్యాహ్నం దాకా ఉంచేవాళ్లు కాదు. అప్పట్లో చిత్రాన్నానికి మిగిలిన అన్నం అంటే పొద్దునది సాయంత్రానికి, లేదా చలికాలం రాత్రిది పొద్దునకు; బయటే ఉంచితే అదీ మంచిది కాదు. మే నెలలో, రాత్రి పదింటికి కూడా గోడలు సెగలు కక్కే మన ఊళ్లో, రేకుల గదిలో కుక్కర్‌లో మూతపెట్టి ఉంచిన అన్నం సంగతి వేరు.

కాబట్టి ఇలా చెయ్యి. రాత్రి వండగానే పొద్దునకు కావాల్సింది ముందే తీసి పళ్లెంలో పరిచి ఆరబెట్టు. రెండు గంటలు దాటకుండా డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దున తీసి, చేత్తో విడదీసి, తిరగవాతలో పొగలొచ్చేదాకా బాగా వేడెక్కించు. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం చిత్రాన్నానికి వేడన్నం కంటే బాగుంటుంది, మెతుకు గట్టిగా ఉంటుంది. మర్నాటికి మించి ఉంచవద్దు. ఒకసారి వేడిచేసినది మిగిలితే మళ్లీ దాయొద్దు.

ఫ్రిజ్ లేదా? రూముల్లో చాలామందికి ఉండదు, తెలుసు. అప్పుడు రాత్రి కొలతగా వండుకో, పొద్దున పిడికెడు బియ్యం వేరే పెట్టుకో. రెండు గుప్పెళ్ల బియ్యానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ కరెంట్ అఫైర్స్ చదువుకోవచ్చు.

పిల్లాడి చిత్రాన్నం బాక్సు పసుపు మరక పోవడం లేదు. పైగా సబ్బు పెట్టగానే ఎర్రగా మారుతోంది! పసుపులో రంగు కలిపారా? – తాడిపత్రి

రంగు కలపలేదు, భయపడకండి. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, సబ్బు క్షారమే. పెళ్లిలో పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎరుపు రావడం చూసి ఉంటారు కదా, ఇదీ అదే. ఆ ఎర్ర మరక మీద పిండేసిన నిమ్మచెక్క రుద్దండి, మళ్లీ పసుపైపోతుంది. అప్పుడు కాస్త నూనె రాసి, తుడిచి, కడిగి, మన ఎండలో మిద్దె మీద ఆరబెట్టండి. పసుపు రంగు ఎండకు నిలవదు, రెండు మూడు ఎండలకు పాలిపోతుంది. చీర కొంగుకు అంటినా అదే వైద్యం, నూనె మాత్రం వద్దు. ప్లాస్టిక్ బాక్సు మానేసి స్టీలు బాక్సు ఇస్తే ఈ గొడవే ఉండదు.

మాది కదిరి. చెనిక్కాయలకు (వేరుశనగకు) మా ఊరే పేరు. అయినా నా చిత్రాన్నంలో చెనిక్కాయ విత్తనాలు బాక్సు తెరిచేసరికి మెత్తగా, సాగుతూ ఉంటున్నాయని మా ఆయన రోజూ సణుగుడు. – ఒక టీచరమ్మ

మీ ఊరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కె-6 విత్తనం మన పొలాల నిండా ఉంది. మీరు ఆ గింజను మెత్తగా తినడం అన్యాయమే టీచరమ్మా!

తప్పు రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి, మంట. నూనె బాగా కాగాక గింజలు వేస్తే పైన పొట్టు నల్లబడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఆ పచ్చిదే తర్వాత సాగుతుంది. నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడే గింజలు వేసి, సన్నమంట మీద వదలకుండా తిప్పండి. మొదట ఏ చప్పుడూ ఉండదు. తర్వాత ఒకటి రెండు చిటపటమంటాయి, పొట్టు అక్కడక్కడ పగులుతుంది. ఒక గింజ తీసి విరిచి చూడండి. లోపల లేత బంగారు రంగు తిరిగితే తీసేయండి. ఇంకా మెత్తగానే ఉందే అనిపిస్తుంది. ఉంటుంది, చల్లారాకే కరకరలాడుతుంది. రంగు పూర్తిగా వచ్చేదాకా ఆగారంటే, దింపాక ఆ వేడికే మాడిపోతుంది.

రెండోది, అన్నం తేమ. వేయించిన గింజ తడి పీల్చుకుంటుంది. అందుకే గింజల్ని ముందే వేయించి తీసి పక్కన పెట్టుకుని, అదే నూనెలో ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిరప, పచ్చిమిరప, కరేపాకు, ఇంగువ, పసుపు వేసి అన్నంలో కలపండి. గింజలు వడ్డించే ముందు. మీ ఆయన బాక్సుకైతే చిన్న కాగితంలో పొట్లం కట్టి పైన పెట్టండి, ఆయనే చల్లుకుంటారు. సణుగుడుకు విరుగుడు అదొక్కటే.

ఒక జాగ్రత్త మాత్రం ఇక్కడే చెబుతాను. సంచి అడుగున ముడతలు పడినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి, కొరికితే చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. చేను చివర్లో వాన ఆగి బెట్టకు వచ్చినప్పుడు, కోశాక తడి తగిలి సరిగా ఆరనప్పుడు చెనిక్కాయకు ఒక రకం బూజు పడుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. కాలేయానికి చెడ్డది. వేయిస్తే పూర్తిగా పోదు. చిత్రాన్నంలో దాగిపోతాయిలే అని పుచ్చుగింజలు తెచ్చే హోటళ్లను నేను చూశాను. అలాంటి చోట ఒక్క చేదు గింజ నోట్లో పడితే ఉమ్మేసి, ఆ ప్లేటు అక్కడే వదిలి లేవండి.

రేషను బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారక్కా. కడిగితే పైకి తేలుతున్నాయి, రంగు కూడా వేరేగా ఉంది. ఏరి పారేసి చిత్రాన్నం చేస్తున్నాను. సరేనా? – కళ్యాణదుర్గం

ఏరి పారేయకమ్మా, నువ్వు పారేస్తున్నది మందు. అవి ప్లాస్టిక్ కావు. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, గింజ ఆకారంలో మళ్లీ ఒత్తి తీసినవి. వంద కిలోల బియ్యానికి ఒక కిలో లెక్కన కలిపారు. అందుకే అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తాయి, మామూలు గింజకన్నా కొంచెం పాలిపోయినట్టు ఉంటాయి, కొన్ని నీళ్లలో తేలతాయి. రక్తహీనత తగ్గాలని పెట్టిన ఏర్పాటు అది.

నమ్మకం కుదరకపోతే నాలుగు గింజలు గరిటెలో వేసి కాల్చి చూడు. ప్లాస్టిక్ అయితే కరిగి సాగుతుంది, కంపు కొడుతుంది. ఇవి మామూలు బియ్యంలాగే మాడతాయి. వీటిని పదిసార్లు కడగొద్దు, గంజి వార్చి పారేయొద్దు. నీళ్లు కొలతగా పోసి ఇగిరేలా వండు. ఆ బియ్యం కొంచెం లావు కాబట్టి అరగంట నానబెడితే పలుకుగా వస్తుంది. ఇంట్లో తలసీమియా లాంటి రక్తజబ్బు ఉన్నవాళ్లుంటే మాత్రం వాళ్ల డాక్టరును అడిగి పెట్టు, వాళ్లకు ఇనుము లెక్క వేరు.

అమ్మా, నేను బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. అరవై మంది చిన్న పిల్లలు. నిమ్మకాయ అన్నం చేస్తే అడుగున ముద్ద, పైన పసుపు లేని తెల్లన్నం. నూనె కూడా లెక్కగా ఇస్తారు. ఎట్ల చేయాలి? – ఉరవకొండ దగ్గర పల్లె

నీ ఉత్తరం చూసి నాకు మెస్ రోజులు గుర్తొచ్చాయి. ఇది ఇంటి వంట కాదు, దీని చిట్కాలు వేరు.

ప్రైమరీ పిల్లలకు తలా వంద గ్రాముల బియ్యం లెక్క కాబట్టి నీకు ఆరు కిలోలు. నూనె తలా అయిదు గ్రాములు, అంటే మొత్తం మూడు వందల గ్రాములు. ఇంట్లో మనం కిలోకు పోసే నూనెలో ఇది సగం కూడా లేదు. అందుకే ఆ నూనెలో చెనిక్కాయ విత్తనాలు వేయించకు. వాటిని ఖాళీ బాణలిలో పొడిగా వేయించి, పొట్టు చెరిగి, చివర్లో కలుపు. నూనె మొత్తం ఆవాలు, పప్పులు, మిరప, కరేపాకు కోసమే ఉంచుకో.

పసుపు, ఉప్పు ఎసరులోనే వేసెయ్యి. ఆరు కిలోలకు పసుపు నాలుగు పెద్ద చెంచాలు, ఉప్పు నూట యాభై గ్రాములతో మొదలుపెట్టు, తక్కువైతే తర్వాత కలపొచ్చు. మెతుకు మెతుకుకూ రంగు అక్కడే పడుతుంది, ఇక తెల్లన్నం మాటే ఉండదు. ముద్ద ఎందుకవుతుందంటే, పెద్ద బోకిలో పైనున్న అన్నం బరువుకు కిందున్నది నలుగుతుంది. ఉడకగానే శుభ్రమైన బేసిన్లు నాలుగింట్లోకి పంచి ఆరబెట్టు, తిరగవాత కూడా నాలుగు భాగాలు చేసి ఒక్కొక్కదానిలో కలుపు. నిమ్మకాయలు నడిమి సైజువి ముప్పై ఉంటే చాలు. రసం అంతా ఒకేసారి పోయకు, బేసినుకు ఇంతని పంచు.

పచ్చిమిరప సన్నగా తరగొద్దు. నిలువునా చీల్చి వెయ్యి, ఒకటో తరగతి పిల్ల కూడా చూసి పక్కకు తీసేసుకోగలదు. ఉడికించిన గుడ్డు పక్కన ఉంటే ఆ రోజు ఒక్క మెతుకు మిగలదని నీకు నేను చెప్పాలా!

చిత్రాన్నంలో ఎర్రగడ్డ వేయవచ్చా? – అనంతపురం, పాతూరు

దేవుడికి పెట్టేదైతే వద్దు. మనం తినేదైతే వేయండి, నేనైతే వేస్తాను. సన్నగా, పొడుగ్గా తరిగి, కొంచెం మెత్తబడగానే ఆపాలి. ఎర్రగా వేయిస్తే తీపి తిరిగి నిమ్మకాయ పులుపును మింగేస్తుంది. ఎర్రగడ్డ వేసినది మాత్రం బాక్సుకు పెట్టకండి, మధ్యాహ్నానికి వాసన మారుతుంది.

మా నాన్నకు షుగర్. ఆయనకు చిత్రాన్నం ప్రాణం. కొర్రలతో చేస్తే ఎంత తిన్నా ఫర్వాలేదంటున్నారు. నిజమా? – కడప

ఎంత తిన్నా ఫర్వాలేదన్న తిండి షుగర్ ఉన్నవాళ్లకు ఈ భూమ్మీద లేదమ్మా. కొర్రల్లోనూ పిండిపదార్థమే ఎక్కువ. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం కంటే పీచు ఉంటుంది కాబట్టి కొంత మేలు, అంతవరకే. చిన్న గిన్నెడు కొర్ర చిత్రాన్నం, పెద్ద గిన్నెడు ఆకుకూర పప్పు, గుప్పెడు చెనిక్కాయ విత్తనాలు అలా పెట్టండి. తిన్న రెండు గంటలకు మిషన్‌తో చూసుకుంటే ఆయన ఒంటికి ఎంత సరిపోతుందో తెలుస్తుంది. మిగతాది డాక్టరు మాట.

చేయడం మాత్రం చెబుతాను. కొర్రలు రెండు మూడు గంటలు నానాలి. గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు, మూత పెట్టి సన్నమంట. ఆరబెట్టడం బియ్యం కన్నా ముఖ్యం, లేకపోతే ఉప్మా అయిపోతుంది. మా అత్తమ్మ వీటిని చూసి నవ్వేది. "మా చిన్నప్పుడు కొర్రన్నం తిని తిని, వరన్నం ఎప్పుడు పెడతారా అని పండగ కోసం ఎదురు చూసేవాళ్లం, మీరేమో డబ్బులిచ్చి కొర్రలు కొంటున్నారు" అని. వాన తక్కువ ఊళ్లు మనవి, బియ్యం అంత సులువుగా దొరికేవి కావు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాకే మా అత్తమ్మ వాళ్ల పల్లెలో పేదిళ్లలో కూడా రోజూ పొయ్యి మీదికి అన్నం ఎక్కింది. మనం "ఏముందిలే, మామూలు చిత్రాన్నమే" అంటాం గానీ, ఆ మామూలుతనం వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు.

అనంతపురం వాళ్లు చిత్రాన్నం, చిత్రాన్నం అని ఒకటే ఊదరగొడతారు. పొద్దున టిఫిన్ అంటే మా ఉగ్గాని బజ్జీ. దాని గురించి ఒక్క ముక్క రాయరేం? – కర్నూలు నుంచి ఒక అన్నయ్య

అన్నా, ఉగ్గాని మీ ఒక్కరి సొత్తు ఎప్పుడయింది? గుత్తి, గుంతకల్లు, బళ్లారి వాళ్లు వింటే ఊరుకోరు. దాన్ని నేను బొరుగుల (మరమరాల) చిత్రాన్నం అనే అనుకుంటాను. తిరగవాత అదే, పసుపు అదే, బుడ్డలు (చెనిక్కాయ విత్తనాలు) అవే, చివర్లో నిమ్మకాయ అదే. అన్నం బదులు బొరుగులు. బియ్యం నానబెట్టి ఉడికించే ఓపిక లేనివాడికి దేవుడిచ్చిన వరం.

అక్కడ కూడా చెడేది తిరగవాత దగ్గర కాదు, బొరుగుల దగ్గరే. నీళ్లలో వేసి మరిచిపోతే పిండి ముద్దే. లావు బొరుగులైతే నీళ్లలో ముంచి, రెండు మూడు సార్లు చేత్తో తిప్పి, పిడికిట్లోకి తీసుకుని నీళ్లు గట్టిగా పిండేయాలి. సన్నవైతే ముంచడం కూడా వద్దు, జల్లెడలో వేసి నీళ్లు చిలకరిస్తే చాలు. బొరుగుల్లో ముందే ఉప్పు ఉంటుంది కాబట్టి తిరగవాతలో ఉప్పు చూసి వేయాలి. ఎర్రగడ్డ, పచ్చిమిరప మగ్గాక బొరుగులు వేసి, మంట తగ్గించి, పైన పప్పుల పొడి చల్లాలి. పప్పులు (పుట్నాలు), ఎండుకొబ్బరి, రెండు తెల్లగడ్డ రెబ్బలు కలిపి బరకగా కొట్టిన పొడి. మిగిలిన తడినంతా అదే పీల్చుకుని బొరుగును విడివిడిగా నిలబెడుతుంది. ఆ పొడి వేయకుండా ఉగ్గాని అమ్మే బండి దగ్గర నేను రెండోసారి ఆగను.

బజ్జీకి లావుగా, పొడుగ్గా, కారం తక్కువుండే మిరపకాయ తీసుకోండి. నిలువునా చీల్చి, విత్తులు తీసి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు లోపల రాసి, శనగపిండిలో ముంచి వేయించాలి. పిండి జారుగా ఉంటే నూనె తాగుతుంది. కాయను పైకెత్తితే పిండి ధారగా కాకుండా పట్టుకుని నిలవాలి. ఉగ్గాని సిద్ధమయ్యాకే బజ్జీ నూనెలో వేయండి, ముందు వేసి పెట్టుకుంటే మెత్తబడి పోతుంది. ఇంతకన్నా బాగా మీ వీధి చివర బండాయన చేస్తున్నాడంటే, ఆయన పిండిలో ఏం కలుపుతున్నాడో అడిగి నాకు రాయండి అన్నా.